కాయితమేదని అడిగేదెవరు?

మా ఊళ్ళో ఈ మధ్య నలుగురు కూడితే తర్లువాడ మాటే. విజయనగరం నుంచి విశాఖ వెళ్ళేటప్పుడు ఆనందపురం దగ్గర లోపలికి తిరిగితే వస్తుంది ఆ ఊరు. అక్కడా, అడవివరం దగ్గరా, రాంబిల్లి దగ్గరా గూగుల్ డేటా సెంటర్లు, అంటే జనం ఉత్తరాలూ మెసేజీలూ దాచి ఉంచే కంప్యూటర్ల భవనాలు, వస్తున్నాయి. 2025 అక్టోబరు 14న ఢిల్లీలో ఒప్పందం ప్రకటించారు. ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఒక గిగావాట్ సామర్థ్యం. సముద్రం అడుగునుంచి కొత్త కేబుళ్ళు విశాఖకి వస్తాయి, అవి ఒడ్డెక్కే స్టేషన్ ఎయిర్‌టెల్ వాళ్ళు కడతారు.

పక్కింటి మాస్టారికి కరెంటు బెంగ. మా తమ్ముడికి ఉద్యోగాలెన్నో తేలాలి. పాలు పోసే ఆమె చెల్లెల్ని ఆనందపురంలో ఇచ్చారు, ఆమెకి భూముల రేట్లు కావాలి. నీళ్ళెక్కడివని అడిగేవాళ్ళు సరేసరి. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే. నేను అడిగేది మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. ఆ మిషన్ల దగ్గరికి ప్రభుత్వం తరఫున ఒకరు వచ్చి ఫలానా మనిషి ఉత్తరాలు చూపించండి, ఫలానా నంబరు ఎవరెవరితో మాట్లాడిందో చెప్పండి అంటే, అక్కడున్నవాళ్ళు ఏ కాయితం చూసి తలుపు తీస్తారు? ఆ కాయితం మీద ఎవరి సంతకం ఉంటుంది? తీశారన్న సంగతి ఎప్పటికైనా మనకి తెలుస్తుందా?

ఇది నాకు పేపరు చదివి పుట్టిన అనుమానం కాదు. నా ఉద్యోగమే అక్కడ. ఎనభైల మొదట్లో విజయనగరం ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరాను. తర్వాత ఎస్టీడీ వచ్చి, ఎవరి నంబరు వాళ్ళే నేరుగా తిప్పుకోవడం మొదలై, బోర్డులు పోయాయి, మమ్మల్ని వేరే పనుల్లోకి సర్దారు, 2000 అక్టోబరులో డిపార్ట్‌మెంటు కాస్తా బీఎస్‌ఎన్‌ఎల్ అయింది. 2020 జనవరి ఆఖరున దేశమంతటా డెబ్బై ఎనిమిది వేల మందికి పైగా ఒక్కసారే వీఆర్‌ఎస్ తీసుకుని బయటికొచ్చారు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ట్రంకు కాల్ అంటే ఏమిటో తెలియని పిల్లలు ఈ బ్లాగు చదువుతుంటారు కాబట్టి కాస్త చెబుతాను. బయటి ఊరికి మాట్లాడాలంటే 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని మూడు రకాలు. మేం టిక్కెట్టు రాసుకుని, అవతలి ఊరి ఆపరేటరుని పిలిచి, లైను దొరికాక రెండు వైపులా తీగలు బోర్డులో గుచ్చి కలిపేవాళ్ళం. మాట కలిసిందో లేదో చూడటానికి ఒక కీ ఉండేది. అది నొక్కితే ఇద్దరి గొంతులూ చెవిలో పడతాయి. మూడు నిమిషాలు కాగానే "త్రీ మినిట్స్ అయిందండీ, పొడిగించమంటారా" అని మధ్యలో దూరాలి కూడా. అంటే వినడం మా పనిలో భాగమే. విన్నది బయటపెడితే జైలు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం మూడేళ్ళ దాకా శిక్ష. చేరిన మొదటి రోజుల్లోనే ఆ సెక్షన్ మాకు చదివి వినిపించారు.

అసలు సంగతి ఆ టిక్కెట్టులో ఉంది. ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలకి, ఎంతసేపు. బిల్లు కోసం రాసేది అంతే, ఒక్క మాట కూడా అందులో ఉండదు. అయినా సాయంత్రానికి ఆ కట్ట చూస్తే ఊరి గుట్టంతా తెలిసిపోయేది. అర్ధరాత్రి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ నుంచి లైట్నింగు కాల్ వచ్చిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని గొంతు వినకుండానే మా గుండె జారేది. జనపనార వ్యాపారి ఒక్క పొద్దుటే కలకత్తాకి వరసగా నాలుగు కాల్స్ బుక్ చేస్తే రేటు కదిలినట్టే. ఒక ఇంటి నుంచి బరంపురానికి వారం వారం వెళ్ళే కాల్ ఉన్నట్టుండి ఆగిపోయిందంటే సంబంధం తప్పిపోయిందని మాకు అర్థమయ్యేది, పిల్లకి తెలిసేలోపే. అందుకే ఈ రోజుల్లో "మేం మాటలు వినం, వివరాలు మాత్రమే తీసుకుంటాం" అని ఏ ప్రభుత్వమైనా అంటే నాకు ఊరట కలగదు. వివరాలు చూసిన మనిషికి మాటలతో పని చాలా తక్కువ.

ఒక మధ్యాహ్నం ఒక ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. జ్యూట్ మిల్లు యూనియన్‌లో తిరిగే ఒకాయన ఇంటి నంబరు చెప్పి, ఆ నెల టిక్కెట్లు చూపించమన్నాడు. వీలైతే కాల్ వచ్చినప్పుడు కాస్త చెవి పెట్టమన్నాడు. మా సూపర్‌వైజరమ్మ బొబ్బిలి ఆవిడ. కుర్చీలోంచి లేవలేదు.

"కాయితం తెచ్చారా బాబూ?" అంది.

"పైవాళ్ళు చెప్పారమ్మా. కాయితం వెనకాల వస్తాది."

"అదొచ్చాకే మీరూ రండి. సంతకం ఎవరిదో చూసుకుని, రిజిస్టరులో ఎక్కించి, మా ఇంజనీరు గారికి చూపించి, అప్పుడు మాటాడుకుందాం."

ఆయన కోపంగా వెళ్ళిపోయాడు. మళ్ళీ మా బోర్డు దగ్గరికి రాలేదు. ఆవిడ పదో తరగతి చదివింది. చట్టం ఆమెకి ఇచ్చిన ధైర్యం ఏమిటంటే, ఫోన్ వినాలంటే ప్రభుత్వం రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, ఎందుకో అందులో రాయాలి. 5వ సెక్షన్‌లో ఉన్నది అదే. ఆ మధ్యాహ్నం అక్కడ అడగగలిగే మనిషి ఉంది, అడగడానికి ఒక కాయితం ఉంది, రాసిపెట్టే రిజిస్టరు ఉంది. ఆ తర్వాత ఈ విషయం గురించి ఏం చదివినా ఈ మూడూ ఉన్నాయా లేవా అనే వెతుక్కుంటూ చదువుతాను.

2013 జూన్‌లో అమెరికా వార్తలు వచ్చినప్పుడు నన్ను ముందు పట్టుకున్నది వెరైజన్ సంగతి. ఆ దేశంలో ఒక రహస్య కోర్టు ఉంది, ఫీసా కోర్టు అంటారు. ఆ కోర్టు వెరైజన్ అనే ఫోన్ కంపెనీకి ఇచ్చిన ఉత్తర్వు, అక్కడి గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ కోసం పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ ద్వారా గార్డియన్ పత్రికకి చేరింది. కోట్లమంది కాల్ వివరాలు, ఎవరికి ఎవరు, ఎప్పుడు, ఎంతసేపు, ప్రతి రోజూ ఎన్‌ఎస్‌ఏకి అప్పజెప్పాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. అంటే టిక్కెట్ల కట్ట మొత్తం, ఏ ఒక్కరి మీదా అనుమానం లేకుండానే, రోజూ సాయంత్రం పంపించడం. అక్కడ కాయితం ఉంది. సంతకమూ ఉంది. దేశం మొత్తానికి ఒక్కటే కాయితం! మా సూపర్‌వైజరమ్మ అడిగిన కాయితం ఒక మనిషి పేరు మీద ఉండేది.

ఆ మర్నాడే ప్రిజమ్ బయటపడింది. ఇంటర్నెట్ కంపెనీల దగ్గర్నుంచి జనం ఉత్తరాలు, మాటలు ఎన్‌ఎస్‌ఏ తీసుకునే ఏర్పాటు అది. తొమ్మిది కంపెనీల పేర్లు, అవి ఎప్పుడు చేరాయో తేదీలతో సహా ఎన్‌ఎస్‌ఏ స్లైడు మీద ఉన్నాయి. 2007 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ మొదటిది. 2008లో యాహూ, 2009లో గూగుల్, ఫేస్‌బుక్, పాల్‌టాక్, 2010లో యూట్యూబ్, 2011లో స్కైప్, ఏఓఎల్, 2012 అక్టోబరులో ఆపిల్. మా సర్వర్లలోకి నేరుగా దారి ఇవ్వలేదు, చట్టం ప్రకారం అడిగినవే ఇచ్చాం అని కంపెనీలు అన్నాయి. ఆ చట్టం ఏమిటో చూస్తే నాకు నిద్ర పట్టలేదు. 2008లో తెచ్చిన 702 సెక్షన్ అది. అమెరికా బయట ఉన్న విదేశీయుల ఉత్తరాలు, మాటలు తీసుకోవడానికి ఒక్కొక్కరి పేరు మీద కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఏడాదికోసారి పద్ధతికి కోర్టు ఆమోదం ఉంటే చాలు. అమెరికా బయట ఉన్న విదేశీయులంటే ఎవరు? మనం. విజయనగరంలో కూర్చుని అమెరికాలో ఉన్న కూతురికి ఉత్తరం రాసే తల్లి. 2013 మార్చి ఒక్క నెలలో ఎన్‌ఎస్‌ఏ లెక్కలోకి మన దేశం నుంచి వెళ్ళిన సమాచారపు ముక్కలు 630 కోట్లు, దేశాల వరసలో మనది ఐదో స్థానం అని ఆ జూన్‌లోనే గార్డియన్ రాసింది. మన దగ్గర పెద్దగా గొడవేమీ జరగలేదు. ఆ సెక్షన్‌ని 2024 ఏప్రిల్‌లో మరో రెండేళ్ళు పొడిగించారు.

కంపెనీలన్నీ తలూపాయనడం న్యాయం కాదు. యాహూ కథ చూడండి. ఖాతాదారుల సమాచారం ఇమ్మని 2007లో వచ్చిన ఉత్తర్వుని ఒప్పుకోకుండా ఆ రహస్య కోర్టుకే వెళ్ళింది. ఓడిపోయింది. పై కోర్టులో 2008 ఆగస్టులో మళ్ళీ ఓడిపోయింది. ఆ తీర్పు కొంత బయటపెట్టినప్పుడు కూడా కంపెనీ పేరు చెరిపేసి పెట్టారు, కాబట్టి కొట్లాడింది ఎవరో ఏళ్ళ తరబడి జనానికి తెలియదు. 2014 సెప్టెంబరులో కాయితాలు తెరిచాక తెలిసింది: మాట వినకపోతే రోజుకి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేయాలని ప్రభుత్వం కోర్టుని అడిగిందట. తన ఖాతాదారుల కోసం కొట్లాడి ఓడిపోయిన సంగతి ఆ ఖాతాదారులకే చెప్పుకోలేని స్థితి. అదే యాహూ 2015లో, వచ్చే ప్రతి ఉత్తరాన్నీ వడకట్టే సాఫ్ట్‌వేర్‌ని ప్రభుత్వం అడిగిందని తయారుచేసిందని, సెక్యూరిటీ అధికారికి కూడా చెప్పకుండా చేసిందని, ఆయన రాజీనామా చేశాడని 2016 అక్టోబరులో రాయిటర్స్ రాసింది. ఆ వార్త తప్పుదారి పట్టించేలా ఉందని యాహూ అంది. నా మటుకు నాకు అనిపించేది ఒకటే. ఒకసారి ఓడించి నోరు కట్టేసిన మనిషి రెండోసారి అడగడు.

క్వెస్ట్ అని ఇంకో టెలిఫోన్ కంపెనీ. కాల్ వివరాలు ఇమ్మని ఎన్‌ఎస్‌ఏ అడిగితే, కోర్టు ఉత్తర్వు ఏదని అడిగి ఇవ్వలేదని 2006లో యూఎస్‌ఏ టుడే రాసింది. మిగతా పెద్ద కంపెనీలు ఇచ్చాయని అదే వార్త. లావాబిట్ అనే చిన్న ఈమెయిల్ కంపెనీ యజమాని లాడార్ లెవిసన్, ఖాతాదారులందరి ఉత్తరాలూ తెరిచే తాళంచెవి ప్రభుత్వం అడిగిందని 2013 ఆగస్టులో దుకాణమే మూసేశాడు. స్నోడెన్ వాడిన ఈమెయిల్ అదే.

వీళ్ళందరికంటే నాకు దగ్గరివాడు అనిపించింది మార్క్ క్లైన్. ఏటీ అండ్ టీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీలో టెక్నీషియన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫోల్సమ్ వీధి ఎక్స్ఛేంజి భవనంలో పనిచేశాడు. అంటే మా జాతి మనిషి. 641ఏ అని ఒక గది. ఆ గదిలోకి ఎన్‌ఎస్‌ఏ అనుమతి ఉన్నవాళ్ళకే ప్రవేశం. కంపెనీ ఇంటర్నెట్ తీగలు ఆ గదికి ఎలా కలిపారో ఈయన చేతిలో ఉన్న కాయితాల్లో కనిపించింది. ఎక్స్ఛేంజిలో పనిచేసినవాళ్ళకి ఈ పని కొత్త కాదు. వీధిలోంచి వచ్చే కేబులు, లోపలి లైన్లు కలిసే చోటుని ఎమ్‌డీఎఫ్ అంటాం. అక్కడ ఒక జంపరు తీగతో ఒక నంబరుకి పారలల్ ఇచ్చేస్తే, మాట్లాడుకునే ఇద్దరికీ తేడా తెలియకుండా మూడో చోట వినిపిస్తుంది. కాకపోతే మా రాగి తీగలో జంటకి ఒక నంబరే. ఆయన చూసింది గాజు తీగ. స్ప్లిటర్ అనే పరికరంతో వెలుగునే రెండుగా చీల్చి, ఒక పాయని దాని దారిన పోనిచ్చి, రెండోదాన్ని ఆ గదిలోకి పంపారు. ఒక్క తీగలో లక్షలమంది. ఎవరి పేరు మీదా ఉత్తర్వు లేకుండా అందరిదీ నకలు అవుతుంది, అందులోంచి కావలసినది ఏరుకోవడం తర్వాతి పని. రిటైరయ్యాక 2006లో క్లైన్ ఆ కాయితాలు బయటపెట్టాడు. ఏటీ అండ్ టీ మీద కేసు నడిచింది. 2008లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి, అంతకుముందు సహకరించిన కంపెనీలన్నిటికీ వెనకటి తేదీ నుంచే రక్షణ ఇచ్చేసింది. కేసు ఆవిరైపోయింది. క్లైన్ చేసిన పని మాత్రం ఆవిరి కాలేదు. ఆయన చూపించి ఉండకపోతే ఆ గది సంగతి మనదాకా వచ్చేది కాదు.

అడగకుండా తీసుకోవడం కూడా ఉంది. గూగుల్, యాహూ డేటా సెంటర్ల మధ్య తిరిగే సమాచారాన్ని ఆ కంపెనీలకి తెలియకుండానే ఎన్‌ఎస్‌ఏ, బ్రిటన్ సంస్థ కలిసి దారిలో పట్టుకున్నాయని 2013 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్ రాసింది. డేటా సెంటర్ల మధ్య నడిచే సమాచారానికి అంతకుముందు తాళం, అంటే ఎన్‌క్రిప్షన్, ఉండేది కాదు. గూగుల్ ఇంజనీర్లు మండిపడి ఆ తీగలన్నిటికీ తాళాలు బిగించారు. విశాఖ తీరానికి కేబుళ్ళు వస్తున్నాయంటే నేను ఆలోచించేది ఇవన్నీ. కేబుల్ ఒడ్డెక్కే చోటు ఎప్పుడూ అందరూ కన్నేసే చోటే. బ్రిటన్‌లో కార్న్‌వాల్ తీరంలో బ్యూడ్ దగ్గర అట్లాంటిక్ కేబుళ్ళలోంచి వాళ్ళ గూఢచారి సంస్థ సమాచారం తీసుకుంటున్న సంగతి కూడా 2013లోనే తెలిసింది.

ఇక మన ఇల్లు. ఇక్కడ పరిస్థితి అమెరికా కంటే మెరుగని ఎవరైనా అనుకుంటే దయచేసి ఈ భాగం నిదానంగా చదవండి.

1996 డిసెంబరులో, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఫోన్ వినడానికి కట్టుబాట్లు పెట్టింది. ఉత్తర్వు హోం కార్యదర్శి ఇవ్వాలి, రెండు నెలలే చెల్లాలి, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, ఒక కమిటీ చూడాలి. అవే 2007లో టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఏగా చేరాయి. టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, 2024 డిసెంబరులో కొత్త నిబంధనలు వచ్చాయి, లోపలి ఆకారం అదే. అంటే జడ్జి లేడు. అమెరికాలో రహస్యమైనా ఒక కోర్టు అనేది ఉంది. మన దగ్గర అడిగేదీ ప్రభుత్వమే, సంతకం పెట్టేదీ ప్రభుత్వమే, ఆ సంతకం సరైనదా అని చూసే కమిటీలో కూర్చునేదీ ప్రభుత్వ కార్యదర్శులే.

ఆ కమిటీ రెండు నెలలకోసారి కూడుతుంది. కేంద్రం ఇచ్చే ఉత్తర్వులు నెలకి 7,500 నుంచి 9,000 అని 2013లో సమాచార హక్కు కింద వచ్చిన జవాబు. ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు పరిశీలించాల్సి ఉంటుందని, అది అయ్యే పని కాదని 2018లో డేటా రక్షణ చట్టం కోసం వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తన నివేదికలో రాసింది. రోజంతా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకి రెండు సెకన్లు కూడా రావు. మా రిజిస్టరులో ఒక పేరు ఎక్కించడానికి అంతకంటే ఎక్కువసేపు పట్టేది.

కంపెనీల పాత్ర ఇక్కడ లైసెన్సు దగ్గరే తేలిపోతుంది. ఫోన్ కంపెనీగాని, కేబుల్ ఒడ్డెక్కే స్టేషన్ నడిపే కంపెనీగాని లైసెన్సు తీసుకోవాలంటే వినే ఏర్పాటు పెట్టి తీరాలి. కాల్ వివరాలు కనీసం రెండేళ్ళు దాచాలని 2021 డిసెంబరులో మార్చారు. సెంట్రల్ మానిటరింగ్ సిస్టమ్ అనే కేంద్ర వ్యవస్థ వచ్చాక ప్రతి నంబరుకీ కంపెనీ మనిషి చెయ్యి అవసరం కూడా తప్పిపోతోంది. నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇది. కాయితం అడగడానికి కుర్చీలో మనిషే లేకపోతే కాయితం ఉందో లేదో చూసేదెవరు?

2014 జూన్‌లో వొడాఫోన్ 29 దేశాల లెక్క బయటపెట్టింది, ఏ ప్రభుత్వం ఎన్నిసార్లు అడిగిందో. ఇండియా దగ్గరికి వచ్చేసరికి అంకె లేదు. చెప్పడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదని రాసింది. గూగుల్ 2010 నుంచి లెక్కలు ప్రకటిస్తోంది, అందులో మన దేశం అంకె కూడా ఉంటుంది. అది మంచి పనే, మెచ్చుకోవాలి. కానీ అది గూగుల్‌ని అడిగిన లెక్క. తీగ దగ్గర తీసుకున్నది ఆ లెక్కలోకి రాదు.

ఎదురు నిలబడ్డ సందర్భాలు మన దగ్గరా ఉన్నాయి. 2010లో బ్లాక్‌బెర్రీ మెసేజీలు చూపించకపోతే ఆగస్టు 31 తర్వాత సేవలు ఆపేస్తామని ప్రభుత్వం గడువు పెట్టింది. లాగి లాగి ఆఖరికి ఆ కంపెనీ ముంబైలో సర్వరు పెట్టింది. ఒక మెసేజీ మొదట ఎవరు పంపారో చెప్పాలని 2021 ఫిబ్రవరి ఐటీ నిబంధనలు అంటే, వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళింది. తాళం పగలగొట్టమంటే మేం వెళ్ళిపోతాం అని 2024 ఏప్రిల్‌లో వాళ్ళ వకీలు కోర్టులోనే అన్నారు. వాడకందారుల వివరాలు ఐదేళ్ళు దాచమన్న 2022 ఏప్రిల్ ఆదేశం చూసి ఇంటర్నెట్‌లో మనం ఎవరో, ఎక్కడున్నామో కనపడకుండా చేసే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్ లాంటి కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేశాయి. 2025 నవంబరు ఆఖరున ప్రతి కొత్త ఫోన్‌లోనూ ప్రభుత్వం వారి సంచార్ సాథీ యాప్ ముందే పెట్టి అమ్మాలని ఆదేశం వచ్చింది. దేశమంతా గోల చేస్తే, కంపెనీలూ వెనకాడితే, డిసెంబరు 3న వెనక్కి తీసుకున్నారు. రహస్యంగా వచ్చిన ఆదేశం వారం తిరక్కుండా బయటపడి వెనక్కి వెళ్ళింది చూడండి. బయటపడ్డం వల్లే వెళ్ళింది.

బయటపడకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. తెలంగాణలో 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు తెరిచారు. రాజకీయ నాయకులు, పాత్రికేయులు, వ్యాపారులు, జడ్జీల ఫోన్లు కూడా విన్నారని, ప్రభుత్వం మారిన వెంటనే హార్డ్ డిస్కులు ముక్కలు చేసి మూసీలో పారేశారని పోలీసులే పోలీసు అధికారుల మీద పెట్టిన ఆరోపణ. కేసు తేలాల్సి ఉంది. కానీ మాట తేలిక అయింది కదా, "అందరివీ వింటారులే" అని.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇదే మాట.

"ఏటత్తా నువ్వు. మనమేటి దొంగతనాలు చేశామా? వింటే విననీ."

"నీ జీతం ఎంతో మీ నాన్నకి చెప్పావా?" అన్నాను.

నవ్వేశాడు. "అది వేరు."

వేరు ఎలా అవుతుంది? బోర్డు ముందు కూర్చున్న ఏళ్ళలో నేను దొంగల మాటలు విన్న గుర్తు లేదు. అప్పు అడిగే గొంతులు విన్నాను. డాక్టరు చెప్పిన జబ్బు పేరు భర్తకి చెప్పలేక అన్నకి చెప్పిన ఆడపిల్ల గొంతు ఇప్పటికీ గుర్తుంది. తప్పు చేయనివాళ్ళకే దాచుకోవలసినవి ఎక్కువ. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అన్నప్పుడు నేను ఆ ఆడపిల్లనే తలుచుకున్నాను.

వాడికి సోంపేట కూడా గుర్తుచేశాను. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని మన శ్రీకాకుళం జిల్లా రైతులు, మత్స్యకారులు లేచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ వెంటనే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ప్లాంటుకి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అంటే ఆ జనం అడిగింది న్యాయమే. ఆ నెలల్లో ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎవరు ఫోన్ చేశారు, సమావేశం ముందు రాత్రి ఎవరి ఫోన్ ఆగకుండా మోగింది, ఆ జాబితా ఒక్కటి చేతిలో ఉంటే, ఎవరిని ముందు పట్టుకెళ్తే మిగతావాళ్ళు చెదిరిపోతారో ఎవరైనా చెప్పేస్తారు. మాట ఒక్కటీ వినక్కర్లేదు. తర్లువాడ రైతులు రేపు పరిహారం గురించి కూడుకుంటే వాళ్ళ మెసేజీలు వెళ్ళేదీ ఇలాంటి కంపెనీల మీదుగానే.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి టెర్రరిస్టులో?" అన్నాడు. నిజమే, అడగవలసిందే. బాంబు పెట్టేవాడి ఫోన్ వినాలి. మా సూపర్‌వైజరమ్మ కూడా కాయితం వస్తే కాదనేది కాదు. పేరు రాసిన, కారణం రాసిన, ప్రభుత్వం బయట ఉన్న ఒక జడ్జి చూసిన కాయితం తెమ్మంటున్నాను. విచారణ ముగిశాక ఆ మనిషికి "నీ ఫోన్ ఫలానా రోజుల్లో విన్నాం" అని చెప్పమంటున్నాను. ఇప్పుడు మన దేశంలో అలా చెప్పే పద్ధతే లేదు, కాబట్టి తప్పుగా విన్నా కోర్టుకి వెళ్ళే మొదటి మెట్టే ఉండదు. 2023 డేటా రక్షణ చట్టం వస్తుందంటే ఆశపడ్డాను. అందులో 17వ సెక్షన్ కింద ప్రభుత్వం తనకి కావలసిన సంస్థలని చట్టం నుంచే మినహాయించుకోవచ్చు.

ఈ వారం కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునేచోట ఒకటి ఇస్తున్నాను, దాని నకలు మా ఎంపీ గారికీ పంపుతున్నాను. విశాఖ డేటా సెంటర్ల గురించి, కేబుల్ స్టేషన్ గురించి జనానికి చెప్పే సమాచారంలో ఇవి కూడా ఉండాలని అడిగాను: సమాచారం ఇమ్మని వచ్చే ఉత్తర్వుని కంపెనీలో ఏ స్థాయి అధికారి చదువుతాడు, కాదని కోర్టుకి వెళ్ళిన సందర్భాలు ఎన్ని, కేబుల్ ఒడ్డెక్కే చోట పెట్టే పరికరాన్ని తిప్పేది కంపెనీ ఉద్యోగా ప్రభుత్వ ఉద్యోగా, ఏడాదికోసారి అంకె ఒక్కటైనా ప్రకటించడానికి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని అడుగుతుందా. ఇది మీ పరిధి కాదంటారని తెలుసు. కాదన్న జవాబైనా రాతలో ఇమ్మన్నాను.

టెలికాం కంపెనీల్లో, డేటా సెంటర్లలో పనిచేసే పిల్లలు ఇది చదువుతుంటే ఒక్క కోరిక. మీ రహస్యాలు నాకు చెప్పొద్దు, మీ ఉద్యోగాలకి ముప్పు తెచ్చుకోవద్దు. మీ ఆఫీసులో అలాంటి ఉత్తర్వు వచ్చినప్పుడు రాసిపెట్టే రిజిస్టరు ఎక్కడుందో, దాన్ని ఎవరు తనిఖీ చేస్తారో మీ పైవాళ్ళని అడగండి. లేదంటే, పెట్టమని అడగండి. అర్జీకి జవాబు వచ్చాక ఇక్కడే పెడతాను.